ఆదివారం ఆదికాండం, సోమవారం జువాలజీ

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. మాది ఆదోని దగ్గర ఒక పల్లె. నాన్న పత్తి వేస్తారు. నేను కర్నూలులో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. జువాలజీ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంటికి వెళ్లిన ఆదివారాల్లో మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను. ఈ సెమిస్టర్‌లో జీవ పరిణామం మొదలైంది. చదివేకొద్దీ అది నిజమే అనిపిస్తోంది. అదే నా భయం. యవనస్థుల కూడికలో ఈ మాట నోరు జారి అనేశాను. పాస్టర్ అయ్యగారు "ఆదామైనా ఉండాలి, కోతి అయినా ఉండాలి, ఏది కావాలో తేల్చుకో" అన్నారు. అమ్మ ఆ రోజు నుంచి ఏడుస్తూ ఉపవాసాలు ఉంటోంది. పురుగు మందులకు చావట్లేదని నాన్న టెన్షన్ నాన్నది. ఇక్కడ కాలేజీలో ఒక సార్ "ఇంకా మట్టిబొమ్మ కథలు నమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి" అని క్లాసంతా నవ్వించారు. నేను చెయ్యెత్తలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేడమ్, పరీక్షలో పరిణామం నిజమని రాస్తే పేతురు ప్రభువును ఎరుగనని బొంకినట్టేనా? పిల్లలకు ఆరు దినాల సృష్టి చెబితే అది అబద్ధమా? చదువు మానేయాలా, సండే స్కూల్ మానేయాలా?
(కర్నూలు జిల్లా నుంచి ఒక విద్యార్థిని)

సమాధానం:

అమ్మా,

నీ వయసు మనవరాలు ఉంది నాకు, అందుకే నువ్వు అనే పిలుస్తాను. ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు. చదువు మానొద్దు. సండే స్కూలూ మానొద్దు.

నీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది పేతురు మాట. ఆ భాగం ఒకసారి మళ్లీ చదువు. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటుంటే పనిపిల్ల వచ్చి, నువ్వు కూడా ఆయనతో ఉన్నావు కదా అంటుంది. పేతురు ఎరుగనంటాడు. యేసు ఎవరో తెలియక అన్నాడా? మూడేళ్లు వెంట తిరిగినవాడు. తెలిసే, భయపడి, తెలియదన్నాడు. బొంకడం అంటే అదీ. ఇప్పుడు నీ సంగతి చూడు. పుస్తకం చదివావు, ఆధారాలు చూశావు, నిజమే అనిపించింది. ఆ నిజమనిపించినదాన్ని ఉన్నది ఉన్నట్టు పేపర్లో రాస్తే అది పేతురు చేసిన పని ఎలా అవుతుంది? మనసుకు నిజమని తోచినదాన్ని, నలుగురికీ జడిసి "నాకు తెలియదు, నేను నమ్మను" అంటే అప్పుడు నువ్వూ ఆ మంట దగ్గర ఉన్నట్టు.

ఆ పని నేను చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మాది కడప, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మా తాత ఉపదేశి. 1980ల్లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా నోట్సు రాయించి, "పరీక్షకు రాయండి, నమ్మనక్కర్లేదు" అని పుస్తకం మూసేదాన్ని. ఒక ఏడాది వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు. "మేడమ్, ఇది అబద్ధమైతే మాకెందుకు చెబుతున్నారు? నిజమైతే నమ్మొద్దని ఎందుకంటున్నారు?" అన్నాడు. వెటకారం లేదు వాడి గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను కూర్చోమన్నాను. వాడు కూర్చున్నాడు, కానీ ఆ ఏడాది ఇంకేమీ అడగలేదు. నా విశ్వాసాన్ని కాపాడుకుంటున్నానని అప్పట్లో అనుకున్నాను. కాపాడుకున్నది గుడిలో నా పరువును. దేవుడు సత్యస్వరూపి అని పాట పాడే నోటితోనే నిజమో కాదో తేల్చి చెప్పడానికి భయపడ్డాను. ఆ భయం నీకు రావొద్దు.

ఇక పాఠానికి వద్దాం. పుస్తకం పక్కన పెట్టి మీ నాన్నగారి చేలోకి రా.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు కాబట్టి ఆ ఆకు, ఆ కాయ తిన్న పురుగు చచ్చిపోతుంది. మొదట్లో కాయతొలిచే పురుగుల బెడద బాగా తగ్గింది. అయితే లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకటీ అరా పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునేవి ఉంటాయి. వాటిని విషం పుట్టించలేదు. అవి ముందే ఉన్నాయి, మిగతావన్నీ చస్తే అవి మిగిలాయి. మిగిలినవి మిగిలినవాటితోనే జతకట్టాయి, పిల్లలకు ఆ గుణమే వచ్చింది. ఒక్క పంటకాలంలోనే కొన్ని తరాలు తిరుగుతాయి వాటికి. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకుంటోందని బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు రెండు జన్యువుల పత్తినీ తట్టుకుంది. ఇప్పుడు మీ వైపు ఏ రైతునడిగినా గుడ్డిపూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, తెంచి చూపిస్తాడు. కాయ పైకి పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. గోటితో చీలిస్తే లోపల గింజ తొలిచేసి, దూది రంగు మారి, మధ్యలో ఆ గులాబీ పురుగు ముడుచుకుని ఉంటుంది.

ఇంకో సంగతి గమనించు. అదే పత్తిని తినే శనగపచ్చ పురుగు ఇంత త్వరగా మొండికెత్తలేదు. కారణం, అది కందిని, శనగను, ఇంకా ఎన్నో పైర్లను తింటుంది. బీటీ లేని ఆ పైర్ల మీద బతికిన మామూలు పురుగులు వచ్చి పత్తి మీది పురుగులతో కలుస్తూ ఉంటాయి, తట్టుకునే గుణం పలచబడుతుంది. గులాబీ పురుగు బతుకంతా దాదాపు పత్తి మీదే. దానికి ఆ కలయిక దొరకలేదు. అందుకే విత్తనం సంచితో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం పొట్లం ఇచ్చి, చేను చుట్టూ వేయమన్నారు. మామూలు పురుగులు కొన్ని బతికి ఉండాలని. పురుగును మనమే పెంచడమేంటని చాలామంది ఆ పొట్లం గట్టు మీద పారేశారు. మీ ఇంట్లో ఏం చేశారో నాన్నను అడుగు.

నీ పుస్తకంలో ప్రకృతి వరణం అని రాసి ఉన్నది ఇదే. మీ నాన్న మందుల షాపు అప్పులో ఉన్నది ఇదే.

మీ పాస్టర్ అయ్యగారికి ఇది చెబితే కాదనరనే అనుకుంటాను. "అయినా పురుగు పురుగుగానే ఉంది కదా, మనిషి కాలేదు కదా" అంటారు. అది సరైన ప్రశ్నే. ఇరవై ఏళ్లలో జరిగేది అంతే. మరి కాలం ఇంకెంత ఉంది? ఆ జవాబు కోసం అమెరికా పుస్తకాలు తిరగేయక్కర్లేదు, మన సీమ నేలలోనే ఉంది.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. ఒకప్పుడు మీ కర్నూలు జిల్లానే, ఇప్పుడు నంద్యాల జిల్లా. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని బూడిద సముద్రం దాటి వచ్చి ఆ లోయలో పడింది. తెల్లటి పొరగా ఇప్పటికీ ఉంది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల బృందం అక్కడ తవ్వి 2007లో ప్రకటించిన సంగతేమిటంటే, ఆ బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. అంటే బూడిద రాలకముందూ అక్కడ మనుషులు రాయి చెక్కుతున్నారు, రాలాకా చెక్కుతున్నారు. లోకం వయసు 6,000 ఏళ్లు అని నీకెవరైనా చెబితే ఆ లెక్క ఎక్కడిదో అడుగు. అది బైబిల్లో లేదు. ఐర్లాండ్‌కు చెందిన జేమ్స్ అషర్ అనే ఆర్చిబిషప్ 1650లో వంశావళులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. తర్వాత ఆ సంవత్సరాన్ని ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో అచ్చువేశారు. అంచులో ఉన్నది కూడా వాక్యమే అనుకున్నారు జనం.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు చూశావా? 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే ఖడ్గమృగం ఎముకలు బయటపడ్డాయి. దానికి మన కర్నూలు పేరే పెట్టారు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని.

ఇక నాకు బాగా దగ్గరైన రాయి గురించి. మా చిన్న తమ్ముడు జియాలజీ చదివాడు. ఒక సంక్రాంతి సెలవుల్లో నన్ను వేంపల్లె దగ్గర ఒక గుట్ట మీదికి తీసుకెళ్లాడు. బూడిద రంగు రాయి. పైనుంచి చూస్తే ఏమీ లేదు. పక్కకు వంగి చూడక్కా అన్నాడు. ఎర్రగడ్డను సగానికి కోసి బోర్లిస్తే ఎలా ఉంటుంది, అలాంటివి పక్కపక్కనే వరసగా, వంపు మీద వంపు, పొర మీద పొర. ఒక్కో పొర గోరంత మందం కూడా లేదు. ఇవి స్ట్రోమటొలైట్లు అన్నాడు. ఒకప్పుడు ఇదంతా లోతు లేని సముద్రం. నీలి ఆకుపచ్చ శైవలాలు నీళ్లలో చాపలా పరుచుకుని, మీద పడ్డ మెత్తటి బురదను పట్టుకుని, వెలుతురు కోసం మళ్లీ పైకి పాకి, అలా ఒక్కో పొర కట్టుకుంటూ పోయాయి. వాటి వయసు ఎలా తెలిసిందని అడిగాను. పులివెందుల వైపు ఈ రాతి వరసల్లోకి కింది నుంచి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన కరిగిన రాయి ఉంది, యురేనియం సీసంగా మారే లెక్కను బట్టి దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. గోడలోకి మేకు దిగిందంటే మేకు కంటే గోడ ముందుదే కదా అన్నాడు తమ్ముడు. వేంపల్లె పొరలు ఆ వరసలో ఇంకా అడుగువి.

వేలు పెట్టి పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై దాకా వెళ్లి ఆపేశాను. నాకు భయం వేయలేదు తల్లీ. "నీ దృష్టికి వేయి సంవత్సరములు గతించిన నిన్నటివలె నున్నవి" అన్న 90వ కీర్తన చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. అది నా వేలి కింద ఉన్నట్టు అనిపించింది ఆ రోజు. ఇంకో మాట కూడా అన్నాడు వాడు. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరింది ఇదిగో ఇలాంటి జీవుల వల్లే అని. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆదికాండం రెండో అధ్యాయం చదువుతూ, నేలమంటితో నరుని నిర్మించి జీవవాయువును ఊదగా అన్న దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఆదికాండంలో ఆక్సిజన్ పాఠం ఉందని నేను అనను, అలా లాగి అతికించడం నాకు నచ్చదు. నాలో గాలి నింపడానికి దేవుడు ఎంత ఓపిక పట్టాడో అనుకున్నాను, అంతే.

"కోతి నుంచి మనిషి" అనే మాట కూడా సరిచేసుకో. పాఠం అలా చెప్పదు. చింపాంజీకి, మనకు ఒక ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు, 60, 70 లక్షల ఏళ్ల కిందట దారులు వేరయ్యాయి అంటుంది. మన మాటల్లో చెబితే చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. దానికి ఆధారమేంటని అయ్యగారు అడిగితే విటమిన్ సి సంగతి చెప్పు. మేక, ఆవు, కుక్క తమ ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేం, అందుకే నిమ్మకాయో ఉసిరికాయో కావాలి. ఆ పని చేసే జన్యువు మన దగ్గర లేక కాదు. ఉంది, పాడైపోయి ఉంది. చింపాంజీలోనూ అదే జన్యువు, అదే తీరులో పాడై ఉంది. స్పాట్ వాల్యుయేషన్‌లో పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే అనుమానించం. ఒకే తప్పు, ఒకే చోట, ఒకే కొట్టివేతతో రాస్తే ఇద్దరూ ఒకే పేపరు చూసి రాశారని తెలిసిపోతుంది.

"అది సిద్ధాంతమే కదా" అనేవాళ్లూ ఉంటారు. సిద్ధాంతం అంటే తెలుగులో విచారణ చేసి తేల్చిన మాట అని. ఊహ అని ఎప్పుడూ కాదు.

మరి ఆదికాండం? ఇక్కడ కాస్త నిదానంగా చదువు. పెన్సిలు పట్టుకుని మొదటి రెండు అధ్యాయాలూ నువ్వే చదువు, ఎవరి ప్రసంగమూ గుర్తు చేసుకోకుండా. మొదటి అధ్యాయంలో సూర్యుడు నాలుగో దినాన వస్తాడు. అంతకుముందే మూడుసార్లు అస్తమయము, ఉదయము అయ్యాయి. మొదటి అధ్యాయంలో జంతువులు ముందు, మనిషి తర్వాత. రెండో అధ్యాయంలో మనిషి ముందు, జంతువులు తర్వాత. దీన్ని రాసినవాళ్లకు, పక్కపక్కన పెట్టి మనకు అందించినవాళ్లకు ఈ తేడా కనిపించలేదంటావా? వాళ్లు వేరే ఏదో చెబుతున్నారు. మొదటి మూడు దినాల్లో చోటు సిద్ధమవుతుంది: వెలుగు చీకటి, పైన ఆకాశం కింద నీళ్లు, ఆరిన నేల. తర్వాతి మూడు దినాల్లో అదే వరసలో ఆ చోట్లలోకి వచ్చేవాళ్లు వస్తారు: జ్యోతులు, చేపలు పక్షులు, జంతువులు మనుషులు. ముందు ఇల్లు, తర్వాత ఇంట్లోవాళ్లు. చుట్టుపక్కల రాజ్యాలు సూర్యచంద్రులకు మొక్కుతున్న కాలంలో ఆ అధ్యాయం వాటి పేరైనా ఎత్తకుండా పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని ఊరుకుంటుంది. ఇవి దేవుడు పెట్టిన దీపాలే అంటుంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, చేసినదాన్ని చూసి ఏమన్నారు, అదీ ఆ అధ్యాయం. ఇంకో మాట కింద గీత గీసుకో. జంతువుల దగ్గర దేవుడు "భూమి పుట్టించుగాక" అంటాడు. భూమికి పని అప్పగిస్తాడు.

మన సీమవాళ్లకు ఇది అర్థం కాకపోవడం ఏంటని నాకు ఆశ్చర్యం. జూలై వెళ్లిపోతున్నా చినుకు లేకపోతే మీ సంఘంలో వర్షం కోసం ఉపవాస ప్రార్థన పెడతారు, అవునా? పెట్టిన అయ్యగారే సాయంత్రం ఫోనులో వాతావరణ శాఖ ఏం చెప్పిందో చూస్తారు. నైరుతి గాలులు పడమటి కనుమలకు తగిలి అక్కడే కురిసేసి, ఇటువైపు వచ్చేసరికి ఆరిపోతాయి కాబట్టి అనంతపురానికి వాన తక్కువ అని బడిలో చదివాం. ఆ పాఠం చదివి వాన దేవుడిస్తాడన్న నమ్మకం పోగొట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. వాన ఎలా పడుతుందో తెలిసినా పడ్డప్పుడు స్తోత్రం అంటాం. జీవం ఎలా విస్తరించిందో తెలిస్తే మాత్రం స్తోత్రం ఎందుకు ఆగిపోవాలి?

ఇలా ఆలోచించేది మనమొక్కరమే కాదు. 1,600 ఏళ్ల కిందట బిషప్ అగస్టీన్ ఆదికాండం మీద రాస్తూ, ఆకాశం గురించి, జంతువుల గురించి, రాళ్ల గురించి బయటివాళ్లకు బాగా తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు తెలియకుండా మాట్లాడి నవ్వులపాలైతే, రేపు పునరుత్థానం గురించి చెబితే వాళ్లు ఎలా నమ్ముతారని బాధపడ్డాడు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చినప్పుడు అమెరికాలో దాని తరఫున గట్టిగా నిలబడిన వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే, ప్రార్థన మానని క్రైస్తవుడు. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త థియొడోసియస్ డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవ విశ్వాసి, ఆ వ్యాసంలోనే తాను సృష్టినీ పరిణామాన్నీ రెండింటినీ నమ్ముతానని రాశాడు. మానవ జన్యుపటం పనికి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ యేసును బాహాటంగా ఒప్పుకునే మనిషి. పరిణామం ఒక ఊహ స్థాయిని దాటిందని పోప్ జాన్ పాల్ II 1996లో చెప్పారు. మీ అయ్యగారు పోప్ మాట వినకపోవచ్చు, కానీ రెండింట్లో ఒకటే ఉంటుందన్నది మాత్రం జరిగిన చరిత్రకు సరిపోదు.

కష్టమైన చోటు దాటేసి వెళ్లను. ఆదాము ఒక్కడి వల్ల పాపము, మరణము వచ్చాయని పౌలు రోమా పత్రికలో రాశాడు. మరి ఆదాముకు ముందు కోట్ల ఏళ్లు జీవులు చనిపోతూనే ఉన్నాయంటే? విశ్వాసులు దీనికి రకరకాలుగా జవాబు చెబుతారు. అప్పటికే ఉన్న మనుషుల్లోంచి దేవుడు ఒక జంటను పిలిచి తన సంగతి తెలియజేశాడు, వాళ్లే ఆదాము హవ్వలు, పౌలు చెప్పిన మరణం దేవునితో తెగిపోవడం అంటారు కొందరు. హెబ్రీలో ఆదాము అంటే మనిషి అనే అర్థం, అదామా అంటే నేల, కాబట్టి అది మనందరి కథ అంటారు ఇంకొందరు. నేను రెండోవైపు మొగ్గుతాను. ఆ పండు కథ చదివినప్పుడల్లా నాకు నేనే కనిపిస్తాను కాబట్టి. నువ్వు ఇప్పుడే ఏదో ఒకటి తేల్చుకోవాలని లేదు. పాపం నిజం, క్షమాపణ నిజం, అక్కడ ఈ ఇద్దరికీ తేడా లేదు.

ఇంతకంటే పెద్ద బరువు, ఈ దారి పొడుగునా ఉన్న నొప్పి. ఎన్ని జీవులు, ఎంత ఆకలి, ఎంత చావు. మంచి దేవుడు ఇలాగా చేసేది అని నేను రాత్రులు ఏడ్చిన రోజులున్నాయి, ముఖ్యంగా మా ఆయన పోయిన ఏడాది. నన్ను నిలబెట్టింది వాదన కాదు, సిలువ. బాధకు దూరంగా కూర్చున్న దేవుడైతే నేను ఎప్పుడో వదిలేసేదాన్ని. సృష్టి అంతా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని అదే పౌలు అదే పత్రికలో రాశాడు. ప్రసవవేదన అంటే పుట్టాల్సింది ఇంకా ఉందని.

ఇప్పుడు నీ మనుషుల సంగతి. అయ్యగారి దగ్గరికి కూడికలో కాకుండా, ఒకరోజు ఇంటికి వెళ్లు. అమ్మగారు కూడా ఉన్నప్పుడు వెళ్లు. వాదన గెలవడానికి వెళ్లొద్దు. "అయ్యగారూ, నేను ప్రభువును వదల్లేదు, వదలను. చదువులో నాకు నిజమనిపించింది కాదని మాత్రం చెప్పలేను" అను, అంతే. పట్నం వెళ్లిన పిల్లలు ఒక్కొక్కరే సంఘానికి దూరమవడం ఆయన చూసి ఉంటారు, ఆ గట్టి మాట వెనక ఉన్నది ఆ దిగులే కావచ్చు. కొన్నాళ్లు పాఠం చెప్పొద్దంటే ఒప్పుకో, వెనక కూర్చుని పిల్లలకు పాటలు నేర్పు. నమ్మనిదాన్ని నమ్ముతున్నానని నలుగురిలో చెప్పమంటే మాత్రం ఒప్పుకోకు.

అమ్మ భయం డార్విన్ గురించి కాదు, నువ్వు చేజారిపోతావేమోనని. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని 139వ కీర్తన చదివి వినిపించు, "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అన్నది. కడుపులో బిడ్డ ఎలా తయారవుతుందో మీ కాలేజీలో బొమ్మలతో సహా నేర్పారు. అది నేర్చుకున్నాక ఆ వచనం అబద్ధమైందా అమ్మా అని అడుగు. నిన్ను మోసినప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన మనిషే, నువ్వు పుట్టాక దేవుడిచ్చిన బిడ్డ అన్నది.

ఆ సార్ విషయంలో నాకు కోపమే వచ్చింది. ఆయన చెప్పిన జువాలజీ నేర్చుకో, ఆయన నవ్వును సిలబస్‌లో కలపకు. దేవుడు లేడని తేల్చే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన సైన్సు దాటి సొంత అభిప్రాయం చెప్పారు. అభిప్రాయం ఆయన ఇష్టం, పిల్లల్ని చిన్నబుచ్చడం తప్పు. చెయ్యెత్తలేదని ఆ రాత్రి నిద్రపోలేదు నువ్వు. మంట దగ్గర నువ్వు కాసేపు నిలబడ్డది అక్కడేనేమో, పరీక్ష పేపర్లో కాదు. అయినా పేతురుకు ఒడ్డున మళ్లీ మంట వేసి, చేపలు కాల్చి, మూడుసార్లు అడిగే అవకాశం ఇచ్చినవాడు నీకూ ఇస్తాడు. ఇంకోసారి అడిగితే నెమ్మదిగా చెయ్యెత్తు. అప్పుడు పరిణామంలో ఆయన ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేలా చదివి ఉండు.

పిల్లలకు ఆదికాండం మొదటి అధ్యాయం ఉన్నది ఉన్నట్టు చదువు. "అది మంచిదని దేవుడు చూచెను" అన్న మాట వాళ్లతో గట్టిగా అనిపించు, పిల్లలకు అది చాలా ఇష్టం. అందులో అబద్ధం లేదు. పేజీలో లేనివి మాత్రం కలపకు: లోకానికి ఆరువేల ఏళ్లే అని, సైంటిస్టులు మోసగాళ్లు అని. ఎవడో ఒకడు డైనోసార్ల గురించి అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. అవి నిజంగా ఉండేవి, మనుషులు రాకముందే పోయాయి, వాటినీ దేవుడే చేశాడు అని చెప్పు. వాణ్ని కూర్చోమనకు.

పరీక్ష బాగా రాయి. అది అయ్యాక ఊరెళ్లినప్పుడు నాన్నతో చేలోకి నడువు. ఏరడం అయిపోయాక కూడా పత్తి కట్టె నెలల తరబడి చేలోనే ఉంచేస్తారు మన వైపు. మిగిలిన ఎండు కాయల్లో దాక్కున్న పురుగే వచ్చే ఏడాది పైరు మీదికి వస్తుంది, అదీ మందులు తట్టుకుని మిగిలిన పురుగు. పంటను పొడిగించకుండా డిసెంబరు నాటికి ముగించి కట్టె పీకేయమను. రెండు కాయలు తెంచి ఆయన ముందే చీల్చి చూపించి, ఎందుకు పీకాలో నువ్వే వివరంగా చెప్పు.